మూడు సెకన్లలో 98 డిగ్రీలు: ఆ వేడి ఎక్కడ ఆగిపోతోంది?

ప్రశ్న: ఉప్పల్‌లో ఉంటాం. 2021లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ ఉంది. ఇంటెల్ కోర్ ఐ5-10400, దాని డబ్బాలో వచ్చిన ఫ్యానే వాడుతున్నాం, గ్రాఫిక్స్ కార్డు లేదు. బీటెక్ చదివే మా అమ్మాయి ప్రాజెక్టు పనంతా దాని మీదే. ఫిబ్రవరి నుంచి ఏ కాస్త పెద్ద పని మొదలుపెట్టినా ఫ్యాను హోరెత్తిపోతోంది, సిస్టమ్ నత్తనడక నడుస్తోంది. షాపుకి తీసుకెళ్తే ప్రాసెసర్‌కీ దాని ఫ్యానుకీ మధ్య రాసే పేస్టు కొత్తది వేసిచ్చారు. స్కూటీ మీద ఇంటికి తెచ్చుకున్నాం. రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచి మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి వెళ్తే "ప్రాసెసర్ ఖరాబైతున్నది సార్, లిక్విడ్ కూలర్ వేయించుకోండి, లేకుంటే బోర్డుతో సహా మార్చుకోండి" అన్నారు. అమ్మాయి ఒకరోజు రాత్రి, గదిలో 33 డిగ్రీలు ఉన్నప్పుడు, హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వాట్లు చూపించే ప్రోగ్రాం) తెరిచి సినీబెంచ్ (ప్రాసెసర్‌కి గట్టి పని పెట్టే టెస్టు) నడిపి స్క్రీన్ ఫోటోలు తీసింది. ఖాళీగా ఉన్నప్పుడు 47 డిగ్రీలు. టెస్టు మొదలైన మూడు సెకన్లకే 98. ఆ తర్వాత 48 వాట్లు, 2.7 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది, ఫ్యాను 2,700 ఆర్‌పీఎం. మొన్న కరెంటు పోయినప్పుడు, యూపీఎస్ ఉన్నా, ఒకసారి ఠక్కున ఆరిపోయింది కూడా. ఏం కొనమంటారు?

సమాధానం: ప్రస్తుతానికి ఓ పేస్టు ట్యూబు తప్ప ఏమీ కొనకండి. మీ అమ్మాయి తీసిన ఫోటోల్లోనే జవాబు ముప్పాతిక వంతు ఉంది. చాలామంది "బాగా వేడెక్కుతోంది" అని రాసి ఊరుకుంటారు. ఆమె గదిలో వేడి ఎంతో, ప్రాసెసర్ ఎన్ని వాట్లు తాగుతోందో, ఎంతసేపట్లో అంత వేడి ఎక్కిందో కూడా పట్టుకుంది. మనకి కావలసింది సరిగ్గా అవే.

ముందు రెండు మాటలు తేల్చుకుందాం, షాపుల్లో సగం గందరగోళం వీటితోనే. మన దగ్గర సీపీయూ అంటే బల్ల కింద ఉండే డబ్బా మొత్తం. ఇక్కడ దాన్ని క్యాబినెట్ అంటాను. ప్రాసెసర్ అంటే లోపల బోర్డు మీద కూర్చున్న, అగ్గిపెట్టెంత కూడా లేని చదరపు ముక్క. అలాగే కూలర్ అంటే ఎండాకాలం కిటికీకి పెట్టే నీళ్ల కూలర్ కాదు, ప్రాసెసర్ నెత్తిమీద ఉండే హీట్‌సింకూ (వేడిని లాక్కునే రెక్కల లోహపు దిమ్మ) దాని ఫ్యానూ కలిపి. కిటికీ కూలర్ ప్రస్తావన కూడా తర్వాత వస్తుంది, హైదరాబాద్‌లో దానికీ ఇందులో పాత్ర ఉంది.

ప్రాసెసర్ లోపలి సిలికాన్ ముక్కలో పుట్టిన వేడి దాని లోహపు మూతలోకి వస్తుంది, మూత మీది పేస్టు పొర దాటి హీట్‌సింక్‌లోకి ఎక్కుతుంది, హీట్‌సింక్ రెక్కల దగ్గర ఫ్యాను గాలి దాన్ని అందుకుంటుంది, ఆ గాలి క్యాబినెట్ దాటి గదిలోకి పోతుంది. మీ సిస్టమ్‌లో ఈ దారిలో ఎక్కడో ఒకచోట వేడి ఆగిపోతోంది. ఆ చోటు పట్టుకుంటే ఏం మార్చాలో, అసలు మార్చాలో లేదో తేలిపోతుంది.

మొదట చిన్న లెక్క. 98లోంచి గది వేడి 33 తీసేయండి, 65 వస్తుంది. దాన్ని 48 వాట్లతో భాగిస్తే సుమారు 1.35. అంటే ఒక్కో వాటుకీ 1.35 డిగ్రీలు పెరుగుతోందన్నమాట. ప్రాసెసర్‌తో పాటు వచ్చే చిన్న కూలర్ సరిగ్గా కూర్చుని, రెక్కల్లో దుమ్ము లేకపోతే ఈ అంకె 0.6, 0.8 మధ్య ఎక్కడో ఉంటుంది. నాలుగు రాగి పైపులున్న టవర్ కూలర్‌కైతే 0.4కి అటూ ఇటూ. ఇది చేతి లెక్కే, కంపెనీ ఇచ్చే కొలత కాదు, కానీ 0.7 ఉండాల్సిన చోట 1.35 కనిపిస్తే ఏదో తేడా ఉందని చెప్పడానికి చాలు. మీ ప్రాసెసర్ నిలకడగా తాగాల్సింది 65 వాట్లు. 0.7 చొప్పున 45 డిగ్రీలు, గది వేడి 33 కలిపితే 78. మీరు చూడాల్సిన అంకె అది. 98 కాదు, అలాగని 60 కూడా కాదు.

ఈ లెక్కలో గది వేడి తీసేయడం ముఖ్యం. మే నెల మధ్యాహ్నం పై అంతస్తు గదిలో 38 ఉంటే అదే కూలర్, అదే పని, 83 చూపిస్తుంది. కూలర్ పాడవ్వలేదు, ఊరు వేడెక్కింది, అంతే. యూట్యూబ్‌లో ఎవరో ఏసీ గదిలో కూర్చుని 65 చూపించారని కంగారు పడక్కర్లేదు. మీది ఫిబ్రవరిలోనే మొదలైంది కాబట్టి ఎండల మీద నెట్టేయడానికీ వీల్లేదు.

ఇక ఆ మూడు సెకన్లు. అసలు గుట్టు అక్కడుంది. మీ హీట్‌సింక్‌లో పావుకిలో అల్యూమినియం ఉందనుకుందాం. పావుకిలో అల్యూమినియం ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు 225 జౌళ్లు కావాలి. 50 వాట్లు మూడు సెకన్లంటే 150 జౌళ్లు. ఫ్యాను ఆపేసి ఉన్నా ఆ మూడు సెకన్లలో హీట్‌సింక్ ఒక డిగ్రీ కూడా ఎక్కదు. ప్రాసెసర్ మాత్రం 51 డిగ్రీలు ఎగిరింది. మామూలుగా అయితే టెస్టు మొదలవగానే ఓ ఇరవై డిగ్రీలు ఎగిరి, అక్కణ్నుంచి నాలుగైదు నిమిషాలు నెమ్మదిగా పాకుతూ ఒకచోట నిలబడాలి. మీ దాంట్లో పాకడమే లేదు, ఒక్క గంతు. అంటే పుట్టిన వేడి హీట్‌సింక్ దాకా సరిగ్గా చేరడం లేదు. ఫ్యాను ఎంత గట్టిగా తిరిగితే ఏం లాభం, అది చల్లబరుస్తున్నది ఎలాగూ చల్లగానే ఉన్న లోహాన్ని!

దీన్ని చేత్తో ఖాయం చేసుకోవచ్చు. పక్క పలక తీసి, టెస్టు ఐదు నిమిషాలు నడపండి. సిస్టమ్ షట్‌డౌన్ చేసి, వెనక ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) స్విచ్ కట్టేసి, ఫ్యాను పూర్తిగా ఆగాక, అర నిమిషం లోపే హీట్‌సింక్ రెక్కల అంచుని వేలితో ఒక్కసారి తాకి చూడండి. ఎందుకైనా మంచిది, వేలు వెనక్కి తీసుకోవడానికి సిద్ధంగా ఉండే తాకండి. తెరమీద 98 చూపించిన సిస్టమ్‌లో హీట్‌సింక్ గోరువెచ్చగా మాత్రమే ఉంటే, వేడి పేస్టు దగ్గరే ఆగిపోయింది. చురుక్కుమని కాలితే, వేడి అక్కడిదాకా వచ్చింది, గాలిలోకి పోవడం లేదు. మొదటిదైతే తప్పు బిగింపుది, రెండోదైతే దుమ్ముదో గాలిదో. మీ అంకెల్ని బట్టి గోరువెచ్చగానే ఉంటుందని నా అంచనా.

ఎందుకంటే "రెండు రోజులు బాగుంది" అన్నారు. పేస్టు రెండు రోజుల్లో ఎండిపోదు, ఎంత నాసిరకం పేస్టయినా నెలలు నడుస్తుంది. రెండు రోజుల్లో వదులయ్యేది బిగింపే. ఇంటెల్ ఇచ్చే ఆ గుండ్రటి కూలర్‌కి స్క్రూలుండవు, నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. ఒక్కో పిన్నులో రెండు భాగాలు: బోర్డు రంధ్రంలోకి దిగే తెల్లటి చీలిక కాళ్లు, వాటి మధ్యలోకి దిగి కాళ్లని విడదీసే నల్లటి మేకు. మేకు పూర్తిగా దిగితేనే కాళ్లు బోర్డు వెనక విచ్చుకుని పట్టు వస్తుంది. సగం దిగినా పైనుంచి చూస్తే దిగినట్టే ఉంటుంది. షాపులో టెస్టు చేసినప్పుడు బాగానే ఉంటుంది, తర్వాత స్కూటీ ముందు నిలబెట్టి తెచ్చేటప్పుడు మన రోడ్ల మీద నాలుగు గుంతలు తగిలితే ఆ మూల వదులవుతుంది. ఒక మూల లేచిందంటే హీట్‌సింక్ ఆ వైపు వెంట్రుకవాసి వాలుతుంది, మధ్యలో గాలి చేరుతుంది. లోహంతో పోలిస్తే గాలి వేడిని మోసేది శూన్యం కింద లెక్క.

ఇంకో తప్పు కూడా షాపుల్లో మామూలే. ఈ పిన్నుల తలల్ని, వాటి మీద చెక్కిన బాణం చూపే దిక్కుకి పావు చుట్టు తిప్పి పైకి లాగితే ఊడి వస్తాయి. మళ్లీ బిగించే ముందు నాలుగింటినీ వెనక్కి తిప్పి మొదటి స్థానంలో పెట్టాలి. హడావిడిలో ఒకటి తిప్పడం మరిచిపోయి నొక్కితే అది దిగినట్టే దిగి, లాక్ మాత్రం పడదు.

కాబట్టి చేయాల్సిన పని కూలర్ విప్పి, తుడిచి, కొత్త పేస్టుతో మళ్లీ కూర్చోబెట్టడం. గంట పని, మీ అమ్మాయి చేయగలదు. కావలసినవి: మంచి పేస్టు ట్యూబు ఒకటి (ఆర్కిటిక్ ఎంఎక్స్-4 లాంటిది 4 గ్రాములది తీసుకుంటే చాలాసార్లకి వస్తుంది), ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా, నూలు రాలని మెత్తటి గుడ్డ, స్టార్ స్క్రూడ్రైవర్, టార్చి. పేస్టు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరుకుతుంది. ఆల్కహాల్ కోసం కోఠి గుజరాతీ గల్లీలోనో, మొబైల్ రిపేరు సామాన్లు అమ్మేచోటో అడగండి. చేతులకి రాసుకునే శానిటైజర్ మాత్రం వద్దు, అందులో గ్లిజరిన్ ఉండి జిడ్డు పొర మిగులుతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం అసలే వద్దు.

విప్పే ముందు సిస్టమ్ పది నిమిషాలు నడిపి కాస్త వేడెక్కనివ్వండి, గట్టిపడిన పేస్టు మెత్తబడుతుంది. ఆపి, ప్లగ్గు పీకి, క్యాబినెట్‌ని పడుకోబెట్టండి. ఫ్యాను వైరు బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసిన నాలుగు పిన్నుల సాకెట్‌లో ఉంటుంది, ముందు అది పీకండి. పిన్నుల తలలు తిప్పి, పైకి లాగి, హీట్‌సింక్‌ని ఒక్కసారిగా పైకి పీకకుండా అటూ ఇటూ కొద్దిగా మెలితిప్పి లేపండి.

ఇప్పుడు తుడవడానికి తొందరపడొద్దు. ప్రాసెసర్ మూత మీదా, హీట్‌సింక్ అడుగునా పేస్టు ఎలా పరుచుకుందో ఫోటో తీయండి. సరిగ్గా కూర్చుని ఉంటే మధ్యలో పల్చగా, లోహం మెరుపు కనపడేంత పల్చగా, అంచులవైపు సమంగా పాకి ఉంటుంది. ఒక మూల మందంగా, ముద్దగా, వేలు పెడితే అంటుకునేంత తడిగా ఉండి, దాని ఎదుటి మూల పల్చగా నొక్కుకుపోయి ఉంటే, ఆ మందంగా ఉన్న వైపు పిన్నే దొంగ. షాపువాళ్లతో వాదించాల్సి వస్తే ఈ ఫోటో ఒక్కటి చాలు. మధ్యలో పొడిబారి, ముట్టుకుంటే పొడిలా రాలుతుంటే పేస్టు నాసిరకం. ఇంకోటి, కొత్త కూలర్ వేయించుకున్న వాళ్లు దాని అడుగున పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కాగితం తీశారో లేదో కూడా చూసుకోవాలి. నవ్వకండి, అది తీయకుండా బిగించినవి చాలానే తిరుగుతుంటాయి.

ఆల్కహాల్ గుడ్డ మీద వేసి రెండువైపులా అద్దంలా అయ్యేదాకా తుడవండి, సీసాలోంచి నేరుగా బోర్డు మీద పోయొద్దు. ప్రాసెసర్‌ని సాకెట్‌లోంచి తీయాల్సిన పనిలేదు. తీస్తే కింద సాకెట్‌లోని సన్నటి తీగల మీద ఏ స్క్రూడ్రైవరైనా జారిందంటే బోర్డే పోతుంది.

పేస్టు ఎంత వేయాలి? కంది గింజంత, మూత మధ్యలో, ఒక్క చుక్క. వేలితో పులమొద్దు, హీట్‌సింక్ బరువూ బిగింపూ దాన్ని పరుస్తాయి. తక్కువైతే మూలల్లో పొడిగా మిగిలిపోతుంది, అది ప్రమాదం. కాస్త ఎక్కువైతే పక్కలకి కారుతుంది, చూడ్డానికి అసహ్యమే తప్ప మామూలు పేస్టు కరెంటు ప్రవహించనివ్వదు కాబట్టి నష్టం లేదు. "లిక్విడ్ మెటల్" అని అమ్మేది మాత్రం మీ ఇంటికి రానివ్వకండి. అందులో ఉండే గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా కారితే షార్టు.

బిగింపే అసలు పని. వీలైతే బోర్డుని క్యాబినెట్ నుంచి బయటికి తీయండి. మహా అయితే ఎనిమిదో తొమ్మిదో స్క్రూలు, నాలుగైదు వైర్లు. వైర్లు పీకే ముందు ఒక ఫోటో తీసి పెట్టుకోండి. బద్ధకం అనిపిస్తుంది, కానీ బోర్డు వెనక ఏం జరుగుతోందో కనపడాలంటే ఇదొక్కటే నమ్మకమైన దారి, పైగా పిన్ను నొక్కేటప్పుడు బోర్డు ఎంత వంగుతుందో చూస్తే దడ పుడుతుంది, కింద చెయ్యి ఆనించుకోవచ్చు. నాలుగు తలలూ వెనక్కి తిప్పి మొదటి స్థానంలో ఉన్నాయో లేదో చూసుకోండి. నల్ల మేకులు పైకి లాగి ఉంచండి. నాలుగు తెల్ల కాళ్లూ నాలుగు రంధ్రాల్లో పడ్డాయని కంటితో చూశాకే నొక్కడం మొదలుపెట్టండి. ఒకటి నొక్కాక దాని పక్కది కాదు, ఐమూలగా ఎదురుగా ఉన్నది నొక్కాలి. ప్రతిదానికీ టక్‌మని గట్టిగా చప్పుడు వినిపించాలి. పక్కపక్కవి నొక్కితే హీట్‌సింక్ ఒకవైపు వాలి, మిగతా రెండూ ఎంత నొక్కినా దిగవు.

తర్వాత బోర్డు తిప్పి చూడండి. నాలుగు రంధ్రాల్లోనూ తెల్ల కాళ్లు విచ్చుకుని, వాటి మధ్య నల్లటి మేకు మొన కనిపించాలి. మూడు కనిపించి ఒకటి కనిపించకపోతే పని అవ్వనట్టే. తెల్ల కాలు ఒకటి విరిగిపోయి ఉంటే జిగురు, టేపు లాంటి తంటాలు పడొద్దు, కూలర్ మార్చేయడమే. హీట్‌సింక్‌ని వేళ్లతో పట్టుకుని మెల్లగా ఊపితే బోర్డు దానితోపాటు కదలాలి, హీట్‌సింక్ విడిగా కదలకూడదు.

(ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లు వాడే పాఠకులకి ఒక మాట. ఏఎం4 సాకెట్ ఉన్న బోర్డుల మీద ప్రాసెసర్ కాళ్లు ప్రాసెసర్‌కే ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు హీట్‌సింక్‌ని నిలువునా పీకితే ఎండిన పేస్టుకి అంటుకుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చి కాళ్లు వంగుతాయి. వేడి చేసి, మెలితిప్పి తీయడం మీకు ఇంకా ముఖ్యం. రైజెన్ 7000 వరుసలో కొన్ని ప్రాసెసర్లు గట్టి పని పెడితే 95 దాకా పోవడం కంపెనీ అనుకున్నదే, దాన్ని చూసి కూలర్ విప్పకండి.)

అన్నీ బిగించాక అదే టెస్టు, అదే గది, పది నిమిషాలు. మొదట్లో ఓ 28 సెకన్ల దాకా ప్రాసెసర్ 65 వాట్లు దాటి తాగడం సహజం, టర్బో అంటే అదే. ఆ తర్వాత నిలబడిన అంకెలు చూడండి. వాట్లు 65, వేడి 75 నుంచి 82 మధ్య, వేగం 2.9 గిగాహెర్ట్జ్ పైన ఉంటే ఇక్కడితో కథ ముగిసింది. వాట్లు 65 దగ్గర ఆగకుండా 80, 90 చూపిస్తూనే ఉంటే తప్పు కూలర్‌ది కాదు. కొన్ని బోర్డులు వేగం గొప్పగా చూపించుకోవడానికి పవర్ పరిమితిని ఎత్తేసి ఉంచుతాయి. బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో లాంగ్ డ్యూరేషన్ పవర్ లిమిట్ అన్న చోట 65 పెట్టేయండి.

బిగింపు సరిచేశాక మొదటి గంతు తగ్గి, కానీ పది, పదిహేను నిమిషాల పాటు వేడి మెల్లగా పాకుతూనే పోతోందనుకోండి, అప్పుడు క్యాబినెట్ గాలి మీద అనుమానపడాలి. పరీక్ష తేలిక. టెస్టు నడుస్తుండగానే పక్క పలక తీసేయండి. ఐదు నిమిషాల్లో ఆరేడు డిగ్రీలు దిగితే క్యాబినెట్‌కి ఊపిరాడటం లేదు. ఒకటి, రెండు డిగ్రీలకి మించి కదలకపోతే క్యాబినెట్ నిర్దోషి.

మన ఇళ్లలో ఊపిరాడకపోవడానికి మొదటి కారణం కంప్యూటర్ టేబుల్. కింద సీపీయూ కోసమని ఒక చెక్క గూడు పెట్టి అమ్ముతారు, మూడువైపులా మూసి ఉంటుంది. వెనక ఫ్యాను బయటికి తోసిన వేడిగాలి గోడకి కొట్టుకుని, గూట్లోనే తిరిగి ముందునుంచి లోపలికి పోతుంది. గూడు వెనక చెక్క పీకేయండి, లేదా క్యాబినెట్‌ని బయట ఓ పీట మీద పెట్టి గోడకి జానెడు దూరం ఉంచండి. రెండోది దుమ్ము. ఉప్పల్ లాంటి చోట పక్కనే ఏదో ఒక అపార్ట్‌మెంటు కడుతూనే ఉంటారు, ఆ సన్నటి సిమెంటు దుమ్ము ఫ్యాను కింద, రెక్కల పైభాగాన కంబళిలా అల్లుకుంటుంది. ఫ్యాను పైనుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, ఫ్యాను తీస్తేనే కంబళి బయటపడుతుంది. వంటింటి నూనె ఆవిరో, రోజూ వెలిగించే అగరుబత్తి పొగో దగ్గర్లో ఉంటే అది జిగురుపట్టి బ్లోయర్‌కి కూడా ఊడదు, మెత్తటి పెయింటు బ్రష్షుతో గీకాలి. కిటికీ కూలర్ సంగతి ఇక్కడే. దాని గాలి నేరుగా క్యాబినెట్ మీదికి తిప్పితే అంకెలు రెండు రోజులు అందంగా కనిపిస్తాయి, తర్వాత ఆ చెమ్మకి దుమ్ము తడిసి రెక్కల మధ్య బురదలా గట్టిపడుతుంది. కూలర్ గదిని చల్లబరచనివ్వండి, కంప్యూటర్‌ని కాదు.

బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కల్ని వేలితో పట్టుకోండి. వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగు అరిగిపోతుంది, అదే డైనమోలా మారి బోర్డులోకి కరెంటు తోసే ప్రమాదమూ ఉంది. వెనక ఒక ఫ్యాను గాలిని బయటికి, ముందు ఒక ఫ్యాను లోపలికి, ఇవి ఉంటే మీ సిస్టమ్‌కి చాలు. ఏ ఫ్యానుకైనా మధ్యలో మోటారుని పట్టి ఉంచే అడ్డకమ్మీలు ఏవైపు ఉన్నాయో గాలి అటే వెళ్తుంది. ముందు పలకంతా అద్దమే ఉన్న రంగు దీపాల క్యాబినెట్ల గురించి అడగకండి. మూడు ఫ్యాన్లు పెట్టి వాటి ముందు గాలి రాకుండా అద్దం బిగించిన వస్తువది.

ఇక షాపువాళ్ల మాట. "ప్రాసెసర్ ఖరాబై వేడెక్కుతోంది" అన్నది నిలబడదు. పాతబడిన కొద్దీ ప్రాసెసర్ 48 వాట్లకి 98 డిగ్రీలు ఇవ్వడం మొదలుపెట్టదు. గట్టి పనిలో మీది 2.9 ఉండాల్సిన కనీస వేగం నుంచి 2.7కి దిగిందంటే, 100 డిగ్రీల హద్దు దగ్గరికి రాగానే తనని తాను కాపాడుకుంటోంది. అది ఆరోగ్యంగా ఉందనడానికే గుర్తు. లిక్విడ్ కూలర్ వేస్తే మీ సమస్య నిజంగానే పోతుంది, అందులో అబద్ధం లేదు. కానీ పోయేది నీళ్ల వల్ల కాదు, దాన్ని వెనక ప్లేటు పెట్టి స్క్రూలతో బిగిస్తారు కాబట్టి. ఆ బిగింపే చవకలో వస్తుంటే, 65 వాట్ల ప్రాసెసర్‌కి పంపూ పైపులూ రేడియేటరూ దండగ. కొన్నేళ్లకి పంపు మొండికేస్తే మళ్లీ ఇదే 98.

కరెంటు పోయినప్పుడు ఆరిపోవడం వేరే జబ్బు, దీనితో కలపకండి. వేడి వల్ల అయితే ముందు నెమ్మదిస్తుంది, ఆ నెమ్మది మీరు చూస్తూనే ఉన్నారు. కరెంటు పోగానే ఠక్కున ఆరిందంటే యూపీఎస్ బ్యాటరీని చూడాలి. మానిటర్ ఒక్కదాన్నే యూపీఎస్‌కి తగిలించి గోడ ప్లగ్గు పీకి చూడండి. ఆ కాస్త బరువుకే నిమిషం నిలవకపోతే లోపలి 12 వోల్టుల బ్యాటరీ అయిపోయింది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనిపించినా బెదరకండి, సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని చెప్పడమే దాని పని, కారణం చెప్పదు. కెర్నల్-ప్రాసెసర్-పవర్ 37 అని వరుసగా ఉంటే మాత్రం ప్రాసెసర్ వేగం బలవంతంగా తగ్గించబడుతోందని అర్థం.

కూలర్ విప్పే తీరిక ఆదివారం దొరికేదాకా అమ్మాయి పని ఆగకూడదు కదా. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, ఛేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, అందులో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 ఉంటుంది. 99 చేయండి. టర్బో ఆగిపోయి 2.9 దాటదు. మామూలు పనుల్లో గంతులూ హోరూ తగ్గుతాయి, ప్రాజెక్టు నడిచిపోతుంది. కూలర్ బిగించాక తిరిగి 100 పెట్టడం మరిచిపోకండి, లేదంటే "బాగు చేశాక నెమ్మదైంది" అని ఇంకో ఉత్తరం రాయాల్సి వస్తుంది.

రెండుసార్లు జాగ్రత్తగా బిగించినా వాటుకి డిగ్రీల లెక్క 1 దాటుతూనే ఉంటే అప్పుడు కూలర్ కొనండి. వెనక ప్లేటూ స్క్రూలూ ఉన్న నాలుగు పైపుల టవర్ రకం చాలు. కొనేటప్పుడు ఎల్‌జీఏ 1200కి (మీ బోర్డు సాకెట్ రకం అది) సరిపోతుందా అని అడగండి. 1150, 1151, 1155 బోర్డుల రంధ్రాల కొలతే 1200కీ ఉంటుంది, 75 మిల్లీమీటర్లు. 1700ది 78, ఆ ఒక్కదానికే పనికొచ్చే కిట్టు మీకు పట్టదు. టవర్లు చాలావరకు 150 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. బయల్దేరే ముందు మీ క్యాబినెట్‌లో ప్రాసెసర్ మూత నుంచి పక్క పలక దాకా స్కేలు పెట్టి కొలుచుకోండి. షాపులోనే బిగించమంటే, అక్కడే పది నిమిషాల టెస్టు నడిపించి వాట్లు, డిగ్రీలు రెండూ ఫోటో తీసుకోండి. ఇంటికి తెచ్చేటప్పుడు స్కూటీ వద్దు, ఆటోలో సీటు మీద పడుకోబెట్టండి, బోర్డు కిందివైపు, కూలర్ పైకి చూసేటట్టు.